పోలిక ఎక్కడ నిలిచింది: తిరుపతి నుంచి ఒక కౌన్సెలింగ్ కేసు

స్వలింగ ఆకర్షణ ఉన్నవారి హక్కులను జాతి సమానత్వంతో పోల్చి వాదించడం చదువుకున్నవారిలో మామూలైంది. ఆ పోలిక ఎవరి ముందు చెబితే ఆలోచన పుట్టిస్తుందో, ఎవరి ముందు చెబితే మనసు నొప్పిస్తుందో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది కాబట్టి దీన్ని రాస్తున్నాను. నేను తిరుపతిలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇందులోని పేరు, వృత్తి వివరాలు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. వచ్చిన వ్యక్తి అనుమతి తీసుకున్నాను. ఆమె ద్వారా ఆమె తమ్ముడి అనుమతి కూడా తీసుకున్నాను, ఎందుకంటే ఈ కథలో బయటపడితే నష్టపోయేది ముందుగా అతనే.

నేపథ్యం

ఆమెను వసంత అని పిలుస్తాను. నలభై దాటిన ప్రభుత్వోద్యోగి, తిరుపతిలోనే పుట్టి పెరిగారు. తండ్రి లేరు, తల్లి ఆమె దగ్గరే ఉంటున్నారు. తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. పరస్పర సమ్మతితో ఉండే వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన కొన్నాళ్ళకు, అతను తాను గే అని అక్కకు చెప్పాడు. అమ్మకు చెప్పవద్దని కోరాడు. అప్పటినుంచి ఇంట్లో ఆ విషయం తెలిసింది వసంతకు ఒక్కరికే. తల్లి మాత్రం కొడుకు జాతకం పట్టుకుని సంబంధాలు వెతుకుతూనే ఉన్నారు.

వసంత చాలా ఏళ్ళుగా పొద్దున్నే యూనివర్సిటీ ఆవరణలో నడిచే ఒక చిన్న బృందంలో ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, ఒకరిద్దరు పదవీ విరమణ చేసిన మగవాళ్ళు. నడక అయ్యాక కాఫీ, పండగలకు పిలుపులు, ఒక చీటీ, ఒక వాట్సాప్ గ్రూపు. వీళ్ళను 'పరిచయస్తులు' అని తేలిగ్గా అనేస్తాం గానీ, వసంత తల్లికి ఆపరేషన్ జరిగినప్పుడు రాత్రుళ్ళు ఆసుపత్రిలో తోడున్నది వీళ్ళే. అందువల్ల 'నచ్చకపోతే వదిలేయండి' అనే సలహాకు ఇక్కడ పెద్దగా విలువ లేదు. ఒక మధ్యస్థాయి ఊళ్ళో మనిషికి ఉండే ఆసరాలో సగం ఇలాంటి పరిచయాలే.

వచ్చిన సమస్య

2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాలపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. వివాహం చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని, అటువంటి చట్టం చేయడం పార్లమెంటు పని అని ధర్మాసనం చెప్పింది. ఆ వారమంతా నడకలోనూ గ్రూపులోనూ అదే చర్చ. వెక్కిరింపు వీడియోలు, నడకతీరును అనుకరించడాలు, 'మన స్వామి ఉండే ఊళ్ళో ఇట్లాంటి మాటలేంది' అనే వ్యాఖ్యలు. ఒకావిడ, పక్క ఊళ్ళో ఒక డాక్టరు ఉన్నాడని, అలాంటి పిల్లలను మందులిచ్చి మార్చేస్తాడని కూడా చెప్పారట.

వసంత మొదట మౌనంగా ఉన్నారు. తరువాత వాదించారు. వాదించాక రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది. తెల్లవారుజామున తలనొప్పితో లేవడం, నడక మానేయడం, ఫోను మోగితే గుండె దడ. నా దగ్గరకు వచ్చిన రోజు ఆమె అడిగింది ఒకటే: "వాళ్ళు నోరెత్తకుండా జవాబు చెప్పేది నేర్పించండి మేడం."

ఇక్కడ మొదటి నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. నా ముందున్నది వసంత. ఆ బృందం కాదు. గదిలో లేని ఆరేడుగురి అభిప్రాయాలను లక్ష్యంగా పెట్టుకుంటే, వాళ్ళు మారినప్పుడే ఈమె కోలుకున్నట్టు అవుతుంది. అది ఆమె ఆరోగ్యాన్ని వాళ్ళ చేతుల్లో పెట్టడమే. అందుకే లక్ష్యాన్ని ఇలా రాసుకున్నాం: తమ్ముడి రహస్యం బయటపడకుండా, తన మనసు చంపుకోకుండా, వీలైనన్ని సంబంధాలు తెగకుండా ఆ బృందంలో ఉండగలగాలి; ఏ సంబంధం నిలవదో అది తేలిపోవాలి. నోరు మూయించడం ఈ లక్ష్యంలో లేదని చెప్పినప్పుడు ఆమె నిరాశపడ్డారు. అయినా ఒప్పుకున్నారు.

ఆమె అప్పటికే చేసిన ప్రయత్నం, అది ఎందుకు నిలవలేదో

వసంత బాగా చదివే మనిషి. ఆమె గ్రూపులో పెట్టిన వాదం క్లుప్తంగా ఇది: అమెరికాలో నల్లవారిని చర్మం రంగును బట్టి వేరుగా కూర్చోబెట్టడం ఎంత తప్పో, గే వ్యక్తులను వారి స్వభావాన్ని బట్టి వెలివేయడం అంత తప్పు. దానికి మూడు రకాల ప్రతిస్పందనలు వచ్చాయి, మూడింటి నుంచీ నేర్చుకోవలసింది ఉంది.

మొదటిది అమెరికాలో కొడుకున్న ఒకావిడ నుంచి. జాతి వివక్ష ఘోరమని ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. 2017లో కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపిన సంగతి ఆవిడ మరచిపోలేదు. కానీ ఆ ఒప్పుదల అక్కడితో ఆగింది. దూరాన ఉన్న అన్యాయాన్ని ఖండించడానికి మనం ఏమీ వదులుకోనక్కరలేదు; అందులోనూ మన పిల్లలే బాధితులు కాగల చోట ఖండన ఇంకా సులువు. ఆ సానుభూతి దానంతటదే మరొకరి మీదికి ప్రవహిస్తుందని వసంత ఆశించారు. ప్రవహించలేదు.

రెండవది పదవీ విరమణ చేసిన ఒక అధికారి నుంచి: "అది పుట్టుక, ఇది అలవాటు. రెండూ ఒకటెట్లా అవుతాయి?" పోలిక పెట్టగానే ఎదుటివారు తేడాలు వెతకడం మొదలుపెడతారు. ఏ రెండు విషయాల మధ్యనైనా తేడాలు దొరుకుతాయి కాబట్టి, వాదం అసలు అన్యాయాన్ని వదిలి పోలిక కొలతల మీద పడుతుంది. వసంత రెండు రోజులు జన్యువుల గురించి వ్యాసాలు వెతికి పెట్టారు. నిజానికి ఆ ఉచ్చులో పడనక్కరలేదు. మతం పుట్టుకతో మారనిది కాదు, మనిషి మార్చుకోవచ్చు; అయినా మతాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. హక్కు ఉండటానికి పుట్టుక రుజువు కానక్కరలేదు.

మూడవది అన్నిటికంటే బరువైనది. అమెరికా దూరమనిపించి వసంత పోలికను కులానికి మార్చారు: దళితులను ఊరి బయట ఉంచినట్టే వీళ్ళనూ ఉంచుతున్నామని రాశారు. ఆ బృందంలో దళిత కుటుంబం నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు ఉన్నారు. అంతవరకు వెక్కిరింపుల్లో పాలుపంచుకోని ఆమె, ఆ రోజు జవాబిచ్చారు: "మా నాయన చెప్పుల్లేకుండా నడిచిన వీధి పేరు నాకు తెలుసు వసంతా. మా బాధను నీ వాదానికి అరువు తెచ్చుకోవద్దు." వసంతకు నిద్ర దూరమైంది ఆ మాటతోనే. వెక్కిరించినవాళ్ళ మీద కోపం వచ్చింది. కానీ తన మీద తనకు నమ్మకం సడలింది ఇక్కడే.

పోలికను విడదీసి చూడటం

కౌన్సెలింగ్‌లో మేము ఎక్కువ కాలం గడిపింది ఈ మూడవ జవాబు మీదే. ఉపాధ్యాయురాలి అభ్యంతరం న్యాయమైనదని నేను స్పష్టంగా చెప్పాను. అమెరికా నల్లవారి చరిత్రలో మనుషులను ఆస్తిగా కొని అమ్మడం ఉంది. తరతరాలకు భూమి, చదువు, ఇల్లు అందకుండా చేయడం ఉంది. కుల చరిత్రలో 17వ అధికరణం రద్దు చేసిన అంటరానితనం, దాని వెంట వచ్చిన పేదరికం ఉన్నాయి. గే వ్యక్తి సంపన్న కుటుంబంలో, పై కులంలో పుట్టవచ్చు. గాయాలను గాయాలతో తూచినప్పుడు ఎవరిదో ఒకరిది చిన్నదవుతుంది. ఆ తూకం వేసే అధికారం వసంతకు లేదు, నాకూ లేదు.

అయితే పోలికలో నిలిచే భాగం ఒకటి ఉంది. అది బాధల మధ్య పోలిక కాదు, నిరాకరించేవారి వాదాల మధ్య పోలిక. వర్జీనియాలో ఒక తెల్ల పురుషుడు, నల్ల స్త్రీ పెళ్ళి చేసుకున్నందుకు వేసిన శిక్షను సమర్థిస్తూ, దేవుడు జాతులను వేరువేరు ఖండాల్లో ఉంచాడంటే అవి కలవకూడదనే ఆయన ఉద్దేశమని అక్కడి న్యాయమూర్తి రాశాడు. ఆ దంపతుల కేసులోనే 1967 జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు జాత్యంతర వివాహ నిషేధాలను కొట్టివేసింది. 1958లో గాలప్ అనే సర్వే సంస్థ అడిగినప్పుడు అక్కడ అటువంటి పెళ్ళిళ్ళను ఆమోదించినవారు 4 శాతం మాత్రమే. దేవుడి ఏర్పాటు, ప్రకృతి విరుద్ధం, పిల్లలు ఏమవుతారు, సమాజం ఇంకా సిద్ధంగా లేదు: ఈ నాలుగు మాటలూ అప్పుడు ఒకరి మీద వాడారు, ఇప్పుడు మరొకరి మీద వాడుతున్నారు. మన దగ్గర కులాంతర వివాహాల మీదా ఇవే వాడారు. 2018 తీర్పులో మన న్యాయమూర్తులు అంబేద్కర్ మాటలను గుర్తు చేస్తూ, కొలబద్ద రాజ్యాంగ నైతికత, అంటే రాజ్యాంగం నిలబెట్టే విలువలు, కావాలి గానీ సమాజంలో ఎక్కువమంది నైతికత కాదని చెప్పడంలో ఉన్నది ఈ తర్కమే. ఒక వాదం ఒకచోట అన్యాయానికి వాడినదని తెలిసినప్పుడు, దాన్ని ఇంకొకచోట వాడేవారు మరో కారణం చూపించాలి. పోలిక నుంచి ఇంతవరకే అడగవచ్చు, ఇది తక్కువేమీ కాదు.

నల్లవారిని, గే వ్యక్తులను వేరువేరు పెట్టెల్లో పెట్టడం కూడా సరికాదని వసంతకు చూపించాను. నల్లవారి పౌరహక్కుల కోసం 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో జరిగిన మహా ప్రదర్శనను నిర్వహించిన బేయార్డ్ రస్టిన్ నల్లవాడు, గే కూడా. ఆ కారణం చూపించి ప్రత్యర్థులు ఉద్యమాన్నే దెబ్బతీయబోయారు, ఉద్యమంలోనూ ఆయనను వెనక నిలబెట్టిన సందర్భాలున్నాయి. దక్షిణాఫ్రికాలో సైమన్ న్కోలీ వర్ణవివక్షకు వ్యతిరేకంగా పోరాడి 1984లో అరెస్టయ్యాడు. అతను గే అని జైల్లో తెలిసినప్పుడు తోటి ముద్దాయిల్లో కొందరు అతనితో కలిసి విచారణకు నిలబడటానికి వెనకాడారు. కలిసి బతికి, వాదించుకుని, చివరకు కలిసే నిలబడ్డారు. లైంగికత ఆధారంగా వివక్షను నిషేధించిన మొదటి రాజ్యాంగం ఆ దేశానిదే, 1996లో. అక్కడ పోలికను చెప్పినవారు ఆ చరిత్ర మోసినవారు. ఎవరు చెబుతున్నారన్నది చిన్న విషయం కాదు.

వసంత ఇవన్నీ విని, "అయితే ఇదంతా గ్రూపులో పెడతాను" అన్నారు. వద్దని నేను అనలేదు. పెడితే ఏం జరుగుతుందో ముందుగా ఊహించి రాయమన్నాను. రాసి, తానే చింపేశారు. పదిమంది చూస్తుండగా మనిషి తన మాటను వెనక్కి తీసుకోలేడు. గ్రూపులో మంచి వాదం పెట్టడమంటే ఎదుటివారు తమ పాత మాటకు మరింత గట్టిగా కట్టుబడేలా చేయడమే.

పనిచేసినవి

రెండవ నిర్ణయం, చర్చను గుంపు నుంచి ఒక్కొక్కరి వద్దకు మార్చడం. దీనికి నాకున్న ఆధారం అనుభవం ఒక్కటే కాదు. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, మయామీలో ఇంటింటికీ వెళ్ళి సుమారు పది నిమిషాలు మాట్లాడిన కార్యకర్తలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వ్యతిరేకతను తగ్గించగలిగారు. ఆ మార్పు మూడు నెలల తర్వాత కూడా కనిపించింది. వారు వాదించలేదు. తమను ఎవరైనా వేరుగా చూసి చిన్నబుచ్చిన సందర్భం చెప్పమని అడిగి, విన్నారు. మన ఊరి పరిచయాలకు ఆ పద్ధతి అలాగే సరిపోతుందని నేను అనను. కానీ వినడంతో మొదలుపెట్టాలన్నది నిలుస్తుంది.

దానికి ముందు ఒక గట్టు కట్టుకోవాలి. వసంత ఏది మాట్లాడినా తమ్ముడి మీద అనుమానం రాకూడదు. ఆమె అతనికి ఫోన్ చేసి, ఎంతవరకు చెప్పవచ్చో అడిగారు. 'నాకు తెలిసిన ఒకరు' అనవచ్చని, 'మా ఇంట్లో' అనకూడదని అతను చెప్పాడు. సంబంధాల ప్రస్తావన వస్తే 'వాడికి ఇప్పుడు ఇష్టం లేదు, వాడి ఇష్టమే మా ఇష్టం' అని ఒకే మాట చెప్పాలని నిర్ణయించుకున్నారు. ఒకే మాటను ప్రతిసారీ చెప్పడం వల్ల తడబాటు ఉండదు, తడబాటే అనుమానానికి మొదలు.

ఉపాధ్యాయురాలి దగ్గరకు వసంత ఒంటరిగా వెళ్ళారు. "మీ చరిత్రను నా వాదానికి వాడుకున్నాను అక్కా, అట్లా చేయకుండా ఉండాల్సింది" అని చెప్పి, సమర్థించుకోకుండా ఆగిపోవాలని ముందే అభ్యాసం చేశాం. ఆగడమే కష్టమైన భాగం. ఉపాధ్యాయురాలు చాలాసేపు తన చిన్నతనం గురించి మాట్లాడారట. తర్వాత, ఎవరూ అడగకుండానే, తన బడిలో చదివిన ఒక కుర్రాడి సంగతి చెప్పారు. నడక, గొంతు కారణంగా పిల్లలు ఏడిపిస్తే తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాడు. ఆమె అన్న మాటను వసంత నాకు ఉన్నదున్నట్టు చెప్పారు: "నన్ను తిట్టినోళ్ళు వీధిలో ఉండారు. ఇంటికి పోతే మాయమ్మ ఉండె, ఆమెదీ నా కులమే. ఆ పిల్లోడు ఇంటికి పోతే వాళ్ళ నాయనే కొడతా ఉండె."

ఈ కేసులో నన్ను అన్నిటికంటే కదిలించిన వాక్యం ఇది. పోలికలో తేడాను దాచడానికి వసంత అంతవరకు శ్రమపడ్డారు. ఉపాధ్యాయురాలు ఆ తేడానే ముందు పెట్టి, దాని గుండానే ఆ కుర్రాడి దగ్గరకు వెళ్ళారు. జాతి, కులం ఇంటిల్లిపాదికీ ఒకటే. అవమానాన్ని ఎలా భరించాలో తల్లి బిడ్డకు నేర్పగలదు. గే బిడ్డ తనవంటి వారు ఒక్కరూ లేని ఇంట్లో పెరుగుతాడు. ఎవరి బాధ ఎక్కువన్న ప్రశ్న అక్కడ లేవలేదు. ఆ తర్వాత నడకలో వెక్కిరింపు మొదలైతే మాట మార్చేది ఉపాధ్యాయురాలే.

అమెరికాలో కొడుకున్న ఆవిడతో వేరే దారి పట్టాం. భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే 1965 వలస చట్టం వచ్చి మనవాళ్ళకు తలుపు తెరిచింది. కొడుకు గురించి మాట్లాడుకునే సమయంలో వసంత ఈ సంగతి చెప్పారు, గే అన్న మాట ఎత్తకుండా. కొన్నాళ్ళకు ఆవిడే, కొడుకు ఆఫీసులో పై అధికారి ఒక మగ భాగస్వామితో ఉంటాడని, ఇంటికి భోజనానికి వచ్చారని, 'మంచోళ్ళేనంట' అని చెప్పారు. ఆవిడ పూర్తిగా మారారని రాయను. వీడియోలు పంపడం మానేశారు.

మందులిచ్చి మారుస్తాడన్న డాక్టరు విషయంలో మాత్రం మెత్తగా ఉండవద్దని చెప్పాను, ఎందుకంటే అక్కడ ఒక బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. అటువంటి 'మార్పిడి చికిత్స'ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. ఈ రెండూ వసంత గ్రూపులోనే పెట్టారు. అభిప్రాయం మీద ఒక్కొక్కరితో మాట్లాడాలి. హాని చేసే తప్పుడు సమాచారాన్ని మాత్రం అందరి ముందే సరిదిద్దాలి.

గ్రూపులో వెక్కిరింపుకు ఒక చిన్న వాక్యం ఎంచుకున్నాం: "ఆ మాట నా ముందర వద్దు." వివరణ ఉండదు, కోపం ఉండదు, తర్వాత మామూలుగా మాట కలపాలి. వివరణ ఇస్తే వాదం మళ్ళీ మొదలవుతుంది. ఆ వాక్యం చెప్పేది వెక్కిరించినవారికి కాదు. పక్కన నవ్వకుండా నిలబడ్డవారికి, వారు ఒంటరి కారని.

నిలవనిది

పదవీ విరమణ చేసిన అధికారితో ఒంటరి సంభాషణ కూడా ఫలించలేదు. ఆయన దేవుడి పేరుతో మాట్లాడతారు. వసంత భక్తురాలు, నెలకొకసారైనా కొండకు వెళ్తారు. ఆయన మాట తగిలింది అందుకే. పురాణాల నుంచి, గుడి శిల్పాల నుంచి సాక్ష్యాలు ఏరి ఇవ్వమని ఆమె అడిగారు. నేను ఆ దారి పట్టలేదు. ఒక శ్లోకానికి ఇంకొక శ్లోకం దొరుకుతుంది. తమ్ముడి గౌరవం ఆ పోటీ ఫలితం మీద ఆధారపడకూడదు. తన భక్తికి ఆయన అనుమతి అక్కరలేదని ఆమె గుర్తించడం మీదే పనిచేశాం. ఆయనతో ఇప్పుడు నమస్కారం, చీటీ లెక్క తప్ప మాటల్లేవు. ఈ సంబంధం సన్నబడటాన్ని మేము వైఫల్యంగా లెక్కించలేదు. ఏది నిలవదో తేల్చుకోవడం మొదట రాసుకున్న లక్ష్యంలోనే ఉంది.

ఇలాంటి కేసుల్లో నేను చూసుకునేవి

వచ్చిన వ్యక్తి తన గురించి మాట్లాడుతున్నారా, తనకు ప్రియమైన మరొకరి గురించా అన్నది మొదటి రోజే తెలుసుకుంటాను. రెండవదైతే ఎంత చెప్పాలో నిర్ణయించే హక్కు గదిలో లేని ఆ వ్యక్తిది. జాతితోనో కులంతోనో పోలిక వస్తే, వినేవారిలో ఆ చరిత్ర మోసినవారు ఎవరున్నారని అడుగుతాను. ఉంటే, వాదం పక్కన పెట్టి వారిని వినడానికి వెళ్ళమంటాను. లేకపోతే, పోలికను నిరాకరణ వాదాల వరకే ఉంచమంటాను. ఎవరిని మార్చాలనుకుంటున్నారో వారి జాబితా రాయమంటాను. అందులో ఎవరితో సంబంధం పోయినా ఫరవాలేదో గుర్తు పెట్టమంటాను. ఈ పని చేసేటప్పుడు చాలామంది మొదటిసారి ఏడుస్తారు.

వసంతకు నిద్ర తిరిగి వచ్చింది, తలనొప్పులు తగ్గాయి, నడక మొదలైంది. తల్లి సంబంధాలు వెతకడం ఆపలేదు. అమ్మకు తానే చెబుతానని, ఎప్పుడో ఇంకా తెలియదని తమ్ముడు అక్కతో అన్నాడు. ఆ రోజు వచ్చినప్పుడు తల్లిని వెంటబెట్టుకుని రావచ్చునని, లేదా ముగ్గురూ కలిసి రావచ్చునని చెప్పి కేసును తాత్కాలికంగా ముగించాను.